చీమలు పట్టని పట్టీ

గత వారం యాదలక్ష్మిని మనం ఐదో బంక దగ్గర వదిలాం. నాలుగు బంకలు పోయాయి, ఐదోది నిలిచింది. పట్టీ మణికంఠ చేతికి చేరింది. ఆ రాత్రి ఆమె చాలా రోజుల తర్వాత నిద్రపోయింది.

ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవారికి నాలుగు మాటలు. ఎల్బీనగర్‌లో, మన్సూరాబాద్ వైపు పోయే రోడ్డు పక్క సందులో, ఒక షట్టర్ గదిలో యాదలక్ష్మి తోలు పట్టీలు కుడుతుంది. నడుముకు, మోకాలికి, మణికట్టుకు, డాక్టర్లు రాసిచ్చిన కొలతల ప్రకారం. భర్త బాలరాజ్ లారీ నడుపుతాడు. నెలలో పది రోజులు ఇంట్లో ఉంటాడు. మామ సత్తయ్యకు డెబ్బై ఒకటి. దిల్‌సుఖ్‌నగర్‌లో నలభై ఏళ్ళు బడి సంచులు కుట్టాడు. కోడలికి పని నేర్పింది ఆయనే.

మణికంఠ, పట్టీ కుట్టమని అడిగిన సూర్యప్రభ కొడుకు. ఏడేళ్ళు. మాటలు రాలేదు. ఆకలేసినా, భయమేసినా, కుక్కర్ కూత వినపడినా కుడి ముంజేతిని కొరుక్కుంటాడు. ఆ చేతి మీద మానిన గాయం పక్కనే మానని గాయం ఉంటుంది. అందుకే ముంజేతికి తోలు పట్టీ. లోపల మేకతోలు, నడుమ మందం తోలు, పైన తంగేడు బెరడుతో పదును చేసిన తోలు. వాడు కొరికితే తోలును కొరకాలి. చేతిని కాదు.

అంటే పొరల మధ్య ఏది రాస్తే అది ఏదో ఒక రోజు వాడి నోట్లోకి పోతుంది.

యాదలక్ష్మి ఆ సంగతి మొదటి పట్టీ తిరిగొచ్చిన రోజున తెలుసుకుంది. దానికి వాడింది చెప్పుల షాపులన్నీ వాడే పసుపుపచ్చ సొల్యూషన్. గట్టిగా పట్టింది. తొమ్మిది రోజులైనా వాసన పోలేదు. మణికంఠ పట్టీని మూతి దగ్గరకు తెచ్చుకుని, వాసన చూసి, విసిరేశాడు. వడ్రంగుల తెల్ల బంక ఆరాక గట్టిపడి, వంద సార్లు వంచితే పగిలింది. ఒక్క చుక్కతో అంటుకునే ట్యూబు అంచులో గాజు పెంకులా తేలింది. పాలలాగా ఉండే నీళ్ళ సొల్యూషన్ బాగానే పట్టింది, వాసన కూడా తక్కువ. కానీ అందులో ఏమేం కలిపారో రాసిన కాగితం బేగంబజార్ షాపులో లేదు. కాగితం వచ్చేదాకా వాడనని యాదలక్ష్మి డబ్బా పక్కన పెట్టింది.

ఐదోది సత్తయ్య చెప్పింది. లై. మైదాపిండి నీళ్ళలో ఉడికించిన బంక. గోడలకు పోస్టర్లు అంటించేది, ఒకప్పుడు బడి సంచుల అస్తరు అంటించింది. యాదలక్ష్మి ఒకసారి తానే ఉడికించి చూసింది. లై నీళ్ళకు వదులుతుంది. అందుకని అంచు చుట్టూ రెండు వరసల కుట్టు వేసి, అంచుకు తేనెమైనం పట్టించింది. ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టింది. నిలిచింది.

అసలు పట్టీల కోసం లై ఉడికించాల్సిన శుక్రవారం ఆమె బేగంబజార్ పోయింది, ఆ కాగితం అడగడానికి. లై సత్తయ్య ఉడికించాడు. శనివారం పట్టీల జత సూర్యప్రభ ఇంటికి చేరింది.

ఈ వారం కథ గురువారం పొద్దున ఆరు గంటల నలభై నిమిషాలకు మొదలవుతుంది.

ఫోన్ మోగేసరికి యాదలక్ష్మి షట్టర్ తాళం తీస్తోంది. సూర్యప్రభ చేసింది. ఆమెది గుంటూరు వైపు. చైతన్యపురిలో అమ్మాయిల హాస్టల్ నడుపుతుంది. ఫోన్లో ఆమె వెనక గిన్నెల చప్పుడు.

"యాదలక్ష్మీ, పొద్దున్నే చేశానని ఏమనుకోకు. మావాడు రాత్రి రెండుసార్లు కక్కాడు."

"అయ్యో. ఏం దిన్నడమ్మా?"

"ఏం తింటాడు, రెండు ఇడ్లీలు, కొత్తిమీర పచ్చడి. అది సరే గానీ, పట్టీ వాడికి తెగ నచ్చేసింది. పడుకున్నా తీయనివ్వడు. ఐదు రోజుల్నించీ నోట్లోనే. చెయ్యి మీద కొత్త గాటు ఒక్కటి లేదు తెలుసా? అందుకే అడుగుతున్నా. అందులో ఏం లేదు కదా?"

"ఏముంటదమ్మా. మైదపిండి. మనం పూరీలు జేసుకునే పిండే."

"అంతే కదా. నా పిచ్చి గానీ. సరే, టిఫిన్ల టైమైంది, నలభై ఆరు మంది నెత్తిన కూర్చున్నారు, పెట్టేస్తున్నా."

ఫోన్ పెట్టేశాక యాదలక్ష్మి షట్టర్ పైకి ఎత్తింది. ఊడ్చింది. తడిగుడ్డతో అర తుడవడానికి మొదలుపెట్టింది.

అర మీద నమూనాలు వరసగా ఉంటాయి. ఏ బంక వాడినా రెండంగుళాల వెడల్పు తోలు ముక్కలు రెండు అతికించి, పైన పెన్నుతో బంక పేరు రాసి పెట్టడం ఆ గదిలో నియమం. ఆ నియమం పెట్టింది సత్తయ్య. చివరి రెండు నమూనాల మీద ఇలా రాసి ఉంది: 'లై - నేను'. 'లై - మామ'.

మొదటి దాని అంచుకు చీమలు పట్టాయి. ఎర్రచీమలు. గోడ మూల నుంచి వరస కట్టి వచ్చి, రెండు తోళ్ళ నడుమ దూరి, అటునుంచి దిగిపోతున్నాయి. అంచు పొడుగునా లై తినేశాయి.

రెండోది దానికి ఆనుకుని ఉంది. దాని మీద ఒక్క చీమ లేదు. వరస దాని దాకా వచ్చి, చుట్టూ తిరిగి, అవతలికి పోతోంది.

యాదలక్ష్మి తడిగుడ్డ కింద పెట్టింది. బల్ల కింద శుక్రవారం నాటి లై గిన్నె ఉంది. కడుగుదామనుకుని మరిచిపోయింది. తాను ఉడికించిన లై రెండు రోజుల్లో పులిసి బూజు పట్టింది, పారబోసింది. ఇది ఆరు రోజులది. మూత లేదు. బూజు లేదు. వాసన లేదు. పురుగు లేదు. గిన్నెను గుమ్మం దగ్గరికి, ఎండలోకి తెచ్చింది. లై తెలుపు కాదు. నీలం కలిసిన తెలుపు. శుక్రవారం నుంచి బల్బు కిందే చూసింది.

సత్తయ్య గుమ్మం మెట్టు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"మామా, లైల ఏమేసినవ్?"

"ఏమేస్తరు. మైద. నీళ్ళు."

"ఇంకా?"

"ఇంకేముంటది లైల. జర తుత్తం."

"ఏం తుత్తం?"

"ఎన్ని తుత్తాలున్నయ్? మైలుతుత్తం."

ఆమె చేతిలో గిన్నె అట్లాగే ఉంది. సత్తయ్య చాయ్ ఒక గుక్క తాగాడు.

"నాకు చెప్పలేదేంది?"

"నువ్వడగలే. చాయ్ ఇచ్చేటప్పుడు చక్కెరేసిన్నని చెప్తరా ఎవలన్న? తుత్తం లేకుంటే అది లై గాదు బిడ్డా, చీమలకు అంబలి. నువ్వు చేసినవ్ గదా, చూసినవా దాని గతి? తుత్తమేస్తే పురుగు ముట్టది, బూజు రాదు. మా నాయనేసిండు. నేనేసిన. వేల సంచులు గుట్టిన. ఎవడన్న సచ్చిండా?"

"ఆ సంచులు ఎవలన్న నమిలిండ్రా మామా?"

సత్తయ్య నోటి దగ్గరికి తీసుకుపోయిన గ్లాసు ఆపాడు.

"పిలగాడు రాత్రి రెండుసార్లు కక్కిండంట. ఇప్పుడే ఫోన్ జేసింది వాళ్ళమ్మ. పిండే అని చెప్పిన నేను. పూరీల పిండని చెప్పిన."

ఆయన గ్లాసు మెట్టు మీద పెట్టాడు. పెట్టడంలో చాయ్ ఒలికింది. దాన్ని అరచేత్తో తుడిచాడు.

"చిటికెడే ఏసిన బిడ్డా," అన్నాడు.

"నీ చిటికెడా, నా చిటికెడా?"

ఆయనకు అర్థం కాలేదు. యాదలక్ష్మి లోపలికి పోయి అర చివర ఉన్న మందు సీసా తెచ్చింది. అందులో పటికబెల్లం పలుకుల్లాంటి నీలం పలుకులు, అడుగున పొడి. పేపరు ముక్క చింపి మెట్టు మీద పరిచింది.

"శుక్రారం ఎట్ల తీసినవో గట్లనే తీసి దీంట్ల పెట్టు."

నలభై ఏళ్ళు మైనం దారం లాగిన వేళ్ళు. బొటనవేలు చెంచా అంత వెడల్పు. ఆయన సీసాలో వేళ్ళు పెట్టి తీశాడు. కాగితం మీద పడింది చిటికెడు కాదు. పావు చెంచా పైన ఉంటుంది.

"ఒక్కసారేనా?"

"...రెండు."

"రెండోది గూడ పెట్టు."

పెట్టాడు. యాదలక్ష్మి కాగితాన్ని నాలుగు మడతలు వేసి దారంతో కట్టింది. లై గిన్నెకు ప్లాస్టిక్ కవరు బిగించింది. సంచిలో రెండూ పెట్టుకుంది. బెజ్జాలు పెట్టే ఆరె, మైనం పూసిన దారం, తోలు ముక్కలు ఆ సంచిలో ఎప్పుడూ ఉంటాయి.

"ఇగో," అన్నాడు సత్తయ్య. గొంతు తగ్గించాడు. "కుట్టు ఊడిందని జెప్పు. ఊడిందని జెప్పి తీస్కరా. ఇంకోటి చేసిద్దాం మంచిగ. ఆమెకు గిదంతా జెప్పుడెందుకు? పిలగానికి రేపటికల్ల తక్కువైతే ఎవలకెరుక?"

"తక్కువ గాకుంటే?"

యాదలక్ష్మి చెప్పులు వేసుకుంది.

ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ దాకా నడుస్తూ రెండుసార్లు ఫోన్ చేసింది. సూర్యప్రభ ఎత్తలేదు. టిఫిన్ల టైములో ఆమె ఫోన్ ఫ్రిజ్ మీద ఉంటుంది. స్టేషన్ మెట్ల మీద మూడోసారి, రైలు ఎక్కాక నాలుగోసారి చేసింది. చైతన్యపురి రెండో స్టేషన్. మొత్తం ఐదారు నిమిషాలు. పెట్టెలో సగం మంది కోచింగ్ పిల్లలు, ఫైళ్ళు గుండెకు ఆనించుకుని నిలబడి నోట్లో ఏదో వల్లె వేసుకుంటున్నారు. యాదలక్ష్మి కూడా వల్లె వేసుకుంది. కుట్టు ఊడిందమ్మా. కుట్టు ఊడింది. ఆ మాట నోటికి సులువుగానే వస్తోంది.

ఆమెను తినేస్తున్నది ఇంకొకటి. సొల్యూషన్ డబ్బా వెనక అచ్చు భూతద్దం పెట్టి చదివింది. నీళ్ళ సొల్యూషన్ కాగితం కోసం బేగంబజార్‌కు మూడుసార్లు తిరిగింది. 'ఏంది అక్కా, పట్టీ కుడ్తవా, పరీక్ష రాస్తవా' అని షాపువాడు నవ్వితే పడింది. డబ్బాలన్నిటినీ అడిగింది. ఇంట్లో ఉడికిన గిన్నెను అడగలేదు.

హాస్టల్ మెట్రో స్తంభాల వెనక రెండో సందులో ఉంది. నాలుగంతస్తులు. గేటు దగ్గర చెప్పుల గుట్ట. వంటగదిలో నుంచి సూర్యప్రభ గొంతు వినబడుతోంది: "చట్నీ అయిపోయింది తల్లీ, కారప్పొడి వేసుకో, ఐఏఎస్ కావాలనుకునేదానికి కారప్పొడి చాలదా?"

మణికంఠ మెట్ల కింద, చీపుర్ల పక్కన కూర్చుని ఉన్నాడు. పట్టీ నోట్లో ఉంది. కళ్ళు మూసుకుని నములుతున్నాడు.

యాదలక్ష్మి వాడి ముందు గొంతుక్కూర్చుంది. పై తోలు మీద పంటిగాట్లు. అంచులో ఒకచోట మైనం పోయింది, మొదటి కుట్టు తెగింది. పొరలు అంగుళం మేర విడిపోయి ఉన్నాయి. నడుమ ఉండాల్సిన లై అక్కడ లేదు.

ఆమె బకిల్ విప్పింది.

మణికంఠ అరిచాడు. టిఫిన్ తింటున్న అమ్మాయిలు ఇద్దరు లేచి నిలబడ్డారు. పట్టీ ఊడివచ్చిన మరుక్షణం వాడు ఖాళీ చేతిని నోట్లో పెట్టుకుని కొరికాడు. పాత గాయం మీద నెత్తురు చుక్క లేచింది. యాదలక్ష్మి తన చీర కొంగు వాడి పళ్ళకూ చేతికీ మధ్య దూర్చింది.

సూర్యప్రభ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది? ఎందుకు తీశావ్? కుట్టు ఊడిందా?"

అవునంటే సరిపోయేది. ఆ అబద్ధాన్ని ఆమే అందించింది.

"కుట్టు గాదమ్మా," అంది యాదలక్ష్మి. "లైల మైలుతుత్తం ఉన్నది. మా మామ ఏసిండు. నాకు తెల్వదు. అర్ధగంట కింద తెలిసింది. ఇది విషం. పిలగాన్ని ఇప్పుడే డాక్టర్ దగ్గరికి తోల్కపోవాలె."

సూర్యప్రభ గరిటె దించింది. అందులోంచి సాంబారు మెట్టు మీద కారుతోంది.

"పొద్దున నేను అడిగాను."

"అడిగిండ్రు."

"పిండి అన్నావ్. పూరీల పిండి అన్నావ్."

"తెల్వక జెప్పిన అమ్మా."

"తెలియకపోతే తెలీదు అనాలి. ఏమీ లేదు అనకూడదు." ఆమె అరవలేదు. గరిటెను దగ్గరున్న అమ్మాయి చేతికిచ్చింది. "జగన్‌కి చెప్పు, టిఫిన్లు వాణ్ణే చూసుకోమను." జగన్ వంటమనిషి. కొడుకును ఎత్తుకుంది. ఏడేళ్ళ పిల్లాడు, వాడి కాళ్ళు ఆమె మోకాళ్ళ దాకా వేలాడాయి. "నువ్వూ రా. ఏం వేశారో నువ్వే చెప్పాలి."

పిల్లల డాక్టర్ జనార్ధన్ క్లినిక్ వెనక వీధిలోనే. ఎనిమిది కాలేదు, ఇంకా టోకెన్లు మొదలవ్వలేదు. డాక్టర్ స్కూటర్ స్టాండు వేస్తున్నాడు. సూర్యప్రభ అక్కడే చెప్పింది. ఆయన హెల్మెట్ తీయకుండానే విన్నాడు.

లోపల మణికంఠ కళ్ళు, నాలుక, పొట్ట చూశాడు. నాడి లెక్కపెట్టాడు.

"వాంతి ఏ రంగుల ఉండె?"

"పచ్చగా. రాత్రి కొత్తిమీర పచ్చడి తిన్నాడు, అదే అనుకున్నా."

"రెండుసార్లూ పచ్చగనే?"

సూర్యప్రభ ఆలోచించింది. "రెండోసారి... కొంచెం నీలంగా. లైటు వల్ల అనుకున్నా." ఆ మాట పూర్తవుతుండగానే ఆమె కుర్చీ చేయి పట్టుకుంది.

"ఎంత కలిపిండ్రు?" అని డాక్టర్ యాదలక్ష్మిని అడిగాడు.

ఆమె దారం విప్పి కాగితం మడత ఆయన ముందు పెట్టింది. "గింత. ఆయన చేత్తోనే మళ్ళా తీపించిన. గిన్నె లై గిది. గిండ్ల నుంచి రెండు పట్టీలకు రాసినం. పట్టీ గిది. గీ అంచుల అంగుళం లై లేదు."

జనార్ధన్ కాగితాన్ని, గిన్నెను, పట్టీని వరసగా చూశాడు. "మంచి పని చేసినవ్," అన్నాడు. సూర్యప్రభ ఆయన వైపు చూసింది. ఆయన సవరించుకున్నాడు. "ఇది తెచ్చి మంచి పని చేసింది అంటున్నమ్మా. చూడండి. పొడి అంతా గిన్నెలకు పోయింది. గిన్నె అంతా పట్టీకి పోలే. పట్టీ అంతా పిల్లోని కడుపులకు పోలే. పోయింది తక్కువనే. భయపడేటంత ఉండకపోవచ్చు. కాని 'పోవచ్చు' అన్న మాట మీద ఇంటికి పంపను. రక్తం తీస్త. మూత్రం పరీక్ష. రేపు పొద్దటిదాకా దవాఖానల పెట్టి చూస్తరు, చీటీ రాస్తున్న. కక్కించే ప్రయత్నం మాత్రం చెయ్యొద్దు. ఉప్పునీళ్ళు అదీ ఇదీ అని ఎవరన్న జెప్తే వినకండి."

రక్తం తీస్తుంటే మణికంఠ ఏడవలేదు. తీశాక ఖాళీ చేతిని చూసుకున్నాడు. వాడి నోరు దాని వైపు వంగింది. సూర్యప్రభ తన అరచేయి అడ్డం పెట్టింది. వాడు తల్లి చేతిని కొరికాడు. ఆమె చేయి తీయలేదు.

అంబులెన్స్ రావడానికి అరగంట అన్నారు.

యాదలక్ష్మి బయట బెంచీ మీద కూర్చుని సంచి తీసింది. తంగేడు తోలు ముక్క ఒకటి. మెత్తటి మేకతోలు ఒకటి. బంక లేకుండా పొరలు కుడితే జారుతాయి. జారితే లోపల ముడత పడుతుంది. ముడత చర్మాన్ని ఒరుస్తుంది. ఒక రోజుకైతే ఫరవాలేదు. ఆమె మేకతోలును తంగేడు తోలు కంటే అర అంగుళం పెద్దగా కోసింది. అంచులు పైకి మడిచి, మడత మీద ఆరెతో బెజ్జాలు పెట్టింది. ఒక్కో బెజ్జంలో దారం రెండువైపుల నుంచీ లాగింది. బకిల్ పాతదే విప్పి కుట్టింది. కుడుతూ ఉండగా ఆమెకు పాత పట్టీలో పొరపాటు కనిపించింది. తుత్తం ఒక్కటే కాదు. మూడు పొరలనూ అంచు దాకా అతికించింది. పిల్లాడి పళ్ళు పడేది అంచు మీదే. పై తోలును అంచు చుట్టూ తిప్పి లోపలికి కుట్టి ఉంటే, బంకను అంచుకు అంగుళం ఇవతలే ఆపి ఉంటే, బంక ఏదైనా పళ్ళకు అందేది కాదు. ఐదు బంకలు మార్చింది. ఎక్కడ రాయాలో ఒక్కసారి ఆలోచించలేదు.

ఇరవై నిమిషాలకు పట్టీ అయింది. ఆమె లోపలికి తెచ్చింది. సూర్యప్రభ చేయి చాపింది. కొడుకు చేతికి కట్టడానికి కాదు. చూడటానికి.

"ఇందులో ఏముంది?"

"తోలు. దారం."

"ఇంకా?"

"దారానికి తేనెమైనం."

"ఇంకా?"

"బంక లేదమ్మా. అస్సలుకే లేదు."

"తోలులో?"

యాదలక్ష్మి 'ఏం లేదు' అనబోయి ఆగింది. "పై తోలు తంగేడు చెక్కతోని, కరక్కాయతోని పదును జేసిండ్రని అమ్మినాయన చెప్పిండు. నేను చూడలే. మేకతోలు సంగతి నాకు తెల్వదు. ఆయన నంబరిస్త. మీరే అడుగుండ్రి."

సూర్యప్రభ నంబరు రాసుకుంది. పట్టీని పక్కనే ఉన్న జనార్ధన్‌కు చూపించింది. ఆయన వాసన చూశాడు. లోపలి మేకతోలును గోటితో గీకి చూశాడు. తల ఊపాడు. అప్పుడు పట్టీని కొడుకు చేతికి తానే కట్టింది.

మణికంఠ దాన్ని మూతి దగ్గరకు తెచ్చుకున్నాడు. వాసన చూశాడు. ఇద్దరు ఆడవాళ్ళూ వాడి ముఖమే చూస్తున్నారు. వాడు కొరికాడు. వదిలాడు. మళ్ళీ కొరికి, తల్లి భుజం మీద తల పెట్టుకున్నాడు.

"నీ మీద కోపం పోలేదు," అంది సూర్యప్రభ, అటు తిరిగే.

"పోవద్దమ్మా."

"మీ మామని ఏమీ అనకు. ముసలాయన. నా కోపం ఆయన మీద కాదు."

యాదలక్ష్మి సంచిలో సామాన్లు సర్దుకుంది. గిన్నె డాక్టర్ దగ్గరే ఉంచింది. విప్పిన పట్టీని కవర్లో చుట్టింది. అప్పుడు గుర్తొచ్చింది. "రెండోది ఏదమ్మా? ఎడమ చెయ్యిది?"

"వీడు ఎడం చెయ్యి కొరకడుగా. వేదవతి గారు చూస్తానంటే ఆదివారమే ఇచ్చేశా."

వేదవతి కర్మన్‌ఘాట్ రోడ్డు మీద మాటలు రాని పిల్లలకు తరగతులు నడుపుతుంది. మణికంఠ వారానికి మూడు రోజులు అక్కడికి పోతాడు. యాదలక్ష్మి పేరు సూర్యప్రభకు చెప్పింది ఆమే. యాదలక్ష్మి బయటికి నడుస్తూనే ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తింది.

"మేడం, నేను పట్టీల యాదలక్ష్మిని. సూర్యప్రభమ్మ ఇచ్చిన పట్టీ మీ దగ్గరున్నదా? ఎవరికన్న కట్టిండ్రా?"

"లేదమ్మా. నా టేబుల్ మీదనే ఉంది. ఎదురుంగనే ఉంది. ఏమైంది?"

యాదలక్ష్మి క్లినిక్ గోడకు ఆనుకుంది. పొద్దున్నుంచి మొదటిసారి ఊపిరి పూర్తిగా తీసుకుంది.

"దాన్ని ఎవరు ముట్టకుండ పక్కకు పెట్టుండ్రి మేడం. నేనొచ్చి తీస్కపోత. లై మంచిది గాదు."

"అట్లనా?" తర్వాత వేదవతి గొంతు మారింది. "మరి ఆ ఆరు?"

"ఏ ఆరు?"

"మంగళారం మీ మామగారు తెచ్చిచ్చిండ్రు గదా. నీకు తెల్వదా? చిన్న సంచిల పట్టుకొచ్చిండు, బస్సు దిగి నడ్సుకుంట. మిగిలిన ముక్కలతోని రెండు రోజులు ఇంట్ల కూసోని కుట్టిండంట. పైసలిస్తనంటే చెవులు మూసుకున్నడు. 'పిండితోని అతికించిన బిడ్డా, పిల్లలు నమిలినా ఏం గాదు' అన్నడు. పిల్లలందరికి ఆయన చేత్తోనే కట్టి పోయిండు."

యాదలక్ష్మి ఫోన్‌ను రెండో చెవికి మార్చుకుంది.

"మేడం, ఆ పిల్లలల్ల ఎవరన్న కడుపు నొస్తుందన్నరా? కక్కుకున్నరా?"

"అననీకి వాళ్ళకు మాటలేవి యాదలక్ష్మీ? ఐదుగురు ఇక్కడనే ఉన్నరు, నా ముంగట. ఇప్పుడే విప్పుతున్న, ఆగు, లైన్ల ఉండు..." బకిళ్ళు విప్పుతున్న చప్పుడు వినబడింది. ఒక పిల్లాడు ఏడుపు మొదలుపెట్టాడు, తర్వాత ఇంకొకడు. వేదవతి మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చింది. ఆయాసపడుతోంది.

"ఆరుగుర్ల మాటలొచ్చేది ఒక్క స్వప్నకే. రెండు మూడు మాటలు. నిన్న పొద్దుమూకి ఇంటికి పోతపోత పట్టీ చూపెట్టి 'చేదు' అన్నది. నేను నవ్విన."

"ఆ పాప ఏది మేడం?"

"ఇయ్యాల రాలే. పొద్దున్నుంచి వాళ్ళమ్మ ఫోన్ కలుస్తలేదు."